కన్నాంబ ఎప్పుడు అరిచింది?

మే నెలలో మా అక్క కూతురు పన్నెండు రోజులు మా ఇంట్లో ఉంది. చెన్నైలో నటన నేర్పే వర్క్‌షాప్ ఒకటి చేయడానికి విజయవాడ నుంచి వచ్చింది. వెస్ట్ మాంబళంలో మాది చిన్న ఫ్లాటు. రాత్రిళ్లు హాల్లో టీవీ ముందు పరుపు వేసుకుని పడుకునేది. ఒకరోజు భోజనాలయ్యాక నేను 'మనోహర' పెట్టుకున్నాను. 1954లో వచ్చిన తమిళ సినిమా. దర్బారు సీను. గొలుసులతో కట్టేసిన శివాజీ గణేశన్, ఎదురుగా తల్లి వేషంలో పాత తరం నటి కన్నాంబ. ఆవిడ గొంతు లేచింది. పిల్ల ఫోను పక్కన పెట్టి ఇటు తిరిగింది.

"పిన్నీ, ఆవిడెందుకలా అరుస్తోంది? మైకు ఉంది కదా?"

వెక్కిరింతగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. ఆ పగలే క్లాసులో చెప్పారట, కెమెరా ముందు గొంతు ఎంత తగ్గిస్తే అంత మంచిదని, దగ్గర షాటులో కనురెప్ప కదిపినా ఎక్కువేనని. అది నేర్చుకుని వచ్చిన పిల్లకి కన్నాంబని చూస్తే అలా అనిపించడంలో వింతేముంది? "అప్పట్లో అలాగే చేసేవాళ్లమ్మా" అని ఊరుకున్నాను. పడుకున్నాక నాకే ఆ జవాబు నచ్చలేదు. అప్పట్లో అలాగే అంటే ఇప్పుడైతే తప్పనేగా అర్థం. కన్నాంబ తరఫున నేనే క్షమాపణ చెప్పినట్టయింది.

"అతి నటన" అనే మాట మనం చాలా సులువుగా వాడతాం. నాటకాల నుంచి వచ్చినవాళ్ల గురించి మాట వస్తే ముందు అదే అంటాం. నేనూ అన్నాను, చాలాసార్లు. ఆ రాత్రి నుంచి పాత సినిమాలు మళ్లీ చూస్తూ వచ్చాక ఆ మాట కన్నాంబ విషయంలో తప్పని గట్టిగా అనిపిస్తోంది. ఆమె గొంతు ఎంత పెద్దదో కొలుస్తున్నాం గానీ, ఎక్కడ నిలబడి ఆ గొంతు ఎత్తిందో చూడటం లేదు.

చెట్టెక్కినవాడు

మా అమ్మమ్మది ఏలూరు. కన్నాంబ పుట్టింది కడపలో, పెరిగింది ఏలూరులో. అందుకని అమ్మమ్మ లెక్కలో ఆవిడ "మా ఊరి పిల్ల". ఆవిడ గురించి ఏలూరు వైపు చెప్పుకునే కథ ఒకటుంది, అమ్మమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో.

ఊళ్లో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నారు. చంద్రమతి వేషం మగాయనే కట్టాడు. ఆ రోజుల్లో ఆడ వేషాలు ఎక్కువగా మగవాళ్లవే. కాటి సీను వచ్చింది. పాము కరిచి చచ్చిపోయిన లోహితాస్యుడి మీద పడి తల్లి ఏడవాలి. ఆయనకి ఏడుపూ రాలేదు, పాటా అందలేదు. జనం గోల మొదలుపెట్టారు. పదమూడేళ్ల కన్నాంబ ఆ జనంలోంచి లేచి, స్టేజీ ఎక్కి, తానే చంద్రమతిలా ఏడ్చిందట. గోల ఆగిపోయిందట. అక్కడి నుంచి ఆవిడ నాటకాల్లోకి వెళ్లిపోయింది. అమ్మమ్మ ఈ కథ ఎప్పుడు చెప్పినా ఒకే మాటతో ముగించేది: "వెనకాల చెట్టెక్కి కూచున్నవాడిక్కూడా వినపడిందే!"

చిన్నప్పుడు ఆ చివరి మాట ఏదో గొప్ప కోసం చెబుతోంది అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కథలో అసలు కొలత అదే. మైకుల్లేని పందిరి. పెట్రోమాక్స్ లైట్లు. ముందు వరసలో పెద్దలు, వెనక చాపల మీద సంసారాలు, వాళ్ల వెనక నిలబడ్డవాళ్లు, ఆ వెనక చెట్టు. చెట్టు మీదివాడికి వినపడని ఏడుపు ఏడుపు కిందికి రాదు. వాడూ టిక్కెట్టు కొన్నవాడే, లేదా కొనలేనివాడు.

పైగా పద్యం ఉంది. సీసపద్యం పాడేవాళ్లని దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది, అది ఊపిరి లెక్క. పాదం పొడుగు. సగంలో ఆగడానికి చోటుంది గానీ, అక్కడ పీల్చుకునే ఊపిరి కొంచెమే. నాలుగు పాదాలు లాగి, చివర తగిలించే చిన్న పద్యం ఎత్తుగీతికి వచ్చేసరికి మొదట్లో కంటే ఎక్కువ గొంతు మిగిలి ఉండాలి. మొదటి పాదంలోనే అంతా పెట్టేసినవాళ్లు చివర చతికిలపడతారు. అంటే పద్యం నేర్చుకున్న గొంతుకి బిగ్గరగా పాడటంతో పాటు దాచుకోవడమూ వస్తుంది. ఈ రెండో సంగతి మనం మర్చిపోతాం.

మైకు ఎక్కడుండేది

1935లో 'హరిశ్చంద్ర' సినిమాతో కన్నాంబ తెర మీదికొచ్చింది. పి. పుల్లయ్య దర్శకుడు, అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, ఈవిడ మళ్లీ చంద్రమతే. అప్పటి టాకీల్లో మాటలూ పాటలూ షూటింగు జరుగుతుండగానే రికార్డయ్యేవి. ఫ్రేములో పడకుండా పైనెక్కడో వేలాడదీసిన మైకు. వాయిద్యాలవాళ్లు సెట్టు వెనకో చెట్ల వెనకో. మొహం అటు తిప్పితే మాట పోయినట్టే. మద్రాసులో తొలి స్టూడియోల సంగతి రాసినవాళ్లు ఒక ముచ్చట చెబుతారు: టేకు మధ్యలో కాకులు అరిచి పాడు చేస్తుంటే వాటిని బెదరగొట్టడానికి తుపాకీతో ఒక మనిషిని పెట్టుకునేవాళ్లట. అటువంటి చోట గుసగుసగా నటించమంటే ఎలా?

సినిమా వేసే చోటూ అలాంటిదే. టూరింగ్ టాకీసు డేరాలో పిల్లల ఏడుపులు, సోడా కాయల చప్పుడు, పక్కన ఇంజను మోత. ఇటు తీసేచోటా, అటు చూసేచోటా గట్టి గొంతే కావాలి.

ఇంతవరకూ మా పిల్లకి చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఇది సగం జవాబే. ఎందుకంటే 1954 నాటికి మద్రాసులో మంచి స్టూడియోలొచ్చాయి, రికార్డింగు బాగుపడింది, ప్లేబ్యాకు వచ్చి చాలా ఏళ్లయింది. మైకు నిజంగానే ఉంది. అయినా కన్నాంబ గొంతు ఎత్తింది. అక్కడికి పిల్ల ప్రశ్న అలాగే నిలబడే ఉంది.

నాగయ్యగారి చిక్కు

దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'గృహలక్ష్మి'లో కన్నాంబ భార్య, కాంచనమాల మొగుణ్ని వలలో వేసుకునే మనిషి. చిత్తూరు నాగయ్యగారికి అదే మొదటి సినిమా. ఆయనా నాటకాల నుంచి వచ్చినవాడే. అదే మైకు, అదే కాలం. అయినా నాగయ్యగారి గొంతులో ఎంత మెత్తదనం! తర్వాత పోతనగా, త్యాగయ్యగా ఆయన మాట ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. మరి ఆయనకి సాధ్యమైంది ఈవిడకి ఎందుకు కాలేదు?

ఈ ప్రశ్న దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. "కాలం అలాంటిది" అనే వాదన ఇక్కడ పనికిరాదు. కన్నాంబ గొంతు ఆవిడ ఎంచుకున్నదే అని ఒప్పుకోవాలి. కొన్ని చోట్ల శ్రుతి మించిన మాటా నిజమే. 'గృహలక్ష్మి'లో మతి చలించి వీధుల్లో పడి, న్యాయం లేదు, దేవుడు లేడు అని కేకలు వేసే ఘట్టంలో ఇంకొంచెం తగ్గి ఉంటే బాగుండుననే అనిపిస్తుంది నాకు.

కానీ ఆ ఘట్టమే నాకు దారి చూపించింది. నాగయ్యగారి భక్తుడికి వినేవాడు ఉన్నాడు. దేవుడు వింటాడు, శిష్యులు వింటారు, చివరికి ఊరంతా వింటుంది. మెత్తగా మాట్లాడటం ఎవరో వింటారనే నమ్మకం ఉన్నవాళ్లకే చెల్లుతుంది. ఇల్లు పోయి, మొగుడు పోయి, వీధిన పడ్డ ఆడదాని మాట ఎవడు వింటాడు?

నాలుగు సభలు

ఆ ఆలోచనతో ఆవిడ పెద్ద వేషాలు వరసగా పెట్టుకుని చూడండి. 1935, చంద్రమతి. కాశీ వీధుల్లో అమ్ముడుపోతుంది, చేయని హత్య మీద పడుతుంది, కాటిలో మొగుడి ముందే సుంకం కోసం బతిమాలాలి. 1936, 'ద్రౌపదీ వస్త్రాపహరణం'. నిండు కౌరవ సభ, తల దించుకున్న పెద్దలు. 1942, తమిళ 'కణ్ణగి', పాత తమిళ కావ్యం 'శిలప్పదికారం' నాయిక. పాండ్యరాజు దర్బారు, చేతిలో అందె, తప్పు తీర్పుకి బలైన మొగుడు. 1954, 'మనోహర'. మళ్లీ రాజసభ, గొలుసుల్లో కొడుకు.

ఇరవై ఏళ్ల పాటు ఈ మనిషి చేసిందంతా చెవులు మూసుకున్న సభ ముందు నిలబడి మాట్లాడటమే. ఆ సభల్లో అధికారం ఎదుటివాడిది. ఈవిడ దగ్గరున్నది గొంతొక్కటే. మైకు ఉందా లేదా అన్నది కాదిక్కడ, దర్బారు చివర కూర్చున్నవాడికి, కళ్లు దించుకున్నవాడికి, వినకూడదనుకున్నవాడికి వినపడాలి. ద్రౌపది గుసగుసలాడితే భీష్ముడికి ఎంత సుఖం!

ఇది నేను పనిగట్టుకుని అల్లుకున్నది కాదని నాకు నమ్మకం కలిగించినవి రెండు వేషాలు. ఒకటి 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మ. అదీ సభే, కానీ అక్కడ అధికారం ఈవిడది. మంత్రి. వేడుకోనక్కర్లేదు. ఆ నాగమ్మని చూడండి, మాట నొక్కి వదులుతుంది, కేక అక్కర్లేదు. రెండోది 1957 'తోడికోడళ్లు'. ఎస్వీ రంగారావు భార్యగా ఇంటి పెద్దావిడ. సభ లేదు, వంటిల్లూ వసారానూ. గొంతు ఎంత దిగిందో! 'మనోహర' తర్వాత మూడేళ్లకే. తగ్గించడం చేతకాని మనిషి అయితే ఇది ఎలా చేసింది?

ఓర్చింది చాలు

'మనోహర' దగ్గరికి మళ్లీ వస్తాను. పమ్మల్ సంబంధ ముదలియార్ నాటకం, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, కరుణానిధి మాటలు. కథ అందరికీ తెలిసిందే. రాజు వసంతసేన మోజులో పడి రాణిని దూరం పెడతాడు. కొడుక్కి రక్తం ఉడుకుతుంది. కానీ వాళ్ల మీద చెయ్యి ఎత్తనని తల్లి ఒట్టు వేయించుకుంది. సినిమాలో చాలా భాగం ఆవిడ పని ఓర్చుకోవడం, ఓర్చుకోమని కొడుక్కి చెప్పడం. ఆ భాగాల్లో కన్నాంబని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆవిడ తలుపు దగ్గర నిలబడుతుంది, చెయ్యి అడ్డం పెడుతుంది, కొడుకు మొహంలోకి చూసి కళ్లు దించుకుంటుంది. గొంతు లోపలికి పోయినట్టు మాట్లాడుతుంది.

చివర్లో దర్బారులో ఆ ఒట్టు తనే విప్పుతుంది. "పొరుత్తదు పోదుం, మనోహరా, పొంగి ఎళు." ఓర్చింది చాలు, పొంగి లే. గొలుసులు తెగుతాయి.

మా పిల్ల చూసింది ఈ ముక్క. ముందున్న రెండు గంటల మౌనం చూడలేదు. యూట్యూబులో పాత నటుల గతి ఇప్పుడంతా ఇదే. మూడు నిమిషాల ముక్కలు కోసి పెడతారు, ఆ ముక్క ఎప్పుడూ కేక ఉన్నదే అవుతుంది. ఎత్తుగీతి ఒక్కటీ వినిపించి సీసం ఎలా ఉందో చెప్పమన్నట్టు. ఆ కేక కోసం ఆవిడ సినిమా అంతా దాచుకుంటూ వచ్చింది. నాలుగు పాదాలూ అదుపులో పాడి, మిగిల్చిన ఊపిరంతా ఆ ఒక్క వాక్యంలో పెట్టింది. ఏలూరు పందిళ్లలో నేర్చిన లెక్క ఇదే అని నా నమ్మకం.

తమిళం, తెలుగు అక్షరాల్లో

ఆ రాత్రి మా టీవీ సౌండు కింది ఫ్లాటు దాకా వెళ్లింది. కింద ఉండే పాట్టికి, అంటే తమిళ బామ్మగారికి, ఎనభై దాటాయి. మర్నాడు పొద్దున ముగ్గు దగ్గర నన్ను ఆపి "నిన్న మనోహర పెట్టారా?" అని అడిగింది. సౌండు ఎక్కువైందేమోనని నేను సారీ చెప్పబోయాను. ఆవిడ వినలేదు. చేతిలో ముగ్గు డబ్బా అలాగే పట్టుకుని, నడుం నిటారు చేసి, ఆ వాక్యం మొత్తం చెప్పింది. మధురై దగ్గర చిన్న ఊళ్లో, టూరింగ్ టాకీసులో, పదేళ్ల వయసులో చూసిందట. ఆ తర్వాత చాలా రోజులు ఆడపిల్లలంతా ఇంటి వెనక ఆ సీను ఆడుకునేవాళ్లట. మనోహరుడి వేషం కోసం ఎవరూ పోటీ పడేవాళ్లు కాదట. అందరికీ అమ్మ వేషమే కావాలి.

"కన్నాంబది మా ఏలూరు, పాట్టీ" అన్నాను.

ఆవిడ కాసేపు నన్నే చూసింది. "కన్నాంబా తెలుంగా?"

తమిళ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేదని కన్నాంబ గురించి రాస్తారు. 'కణ్ణగి'లో ఇళంగోవన్ రాసిన మాటలు మామూలు తమిళం కాదు, బరువైన సాహిత్య తమిళం. అది ఒక తెలుగు మనిషి నోట అలా పలికిందంటే, ఒక తరం తమిళులకి కణ్ణగి అంటే ఆ మొహమే, ఆ గొంతే అయిందంటే, దాన్ని ఒట్టి బట్టీ అనలేం. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఉన్నాను. నా తమిళం కూరగాయల బండి దగ్గర బాగానే చెల్లుతుంది. కోపం వస్తే మాత్రం ఇప్పటికీ తెలుగే వస్తుంది. పరాయి భాషలో కోపం తెచ్చుకోవడం, అదీ ఎదుటివాళ్లు తమ కోపమే అనుకునేంతగా, ఎంత కష్టమో ఇక్కడ బతికే మనందరికీ తెలుసు.

మెరీనాలో కణ్ణగి విగ్రహం ఉంది. 1968లో ప్రపంచ తమిళ మహాసభల అప్పుడు పెట్టారు. 2001లో తీసేశారు, 2006లో మళ్లీ నిలబెట్టారు. జుట్టు విరబోసుకుని, చేతిలో అందెతో. ఆ విగ్రహం పక్క నుంచి బస్సులో వెళ్లినప్పుడల్లా నాకు వినపడేది కన్నాంబ గొంతే.

నాకు నచ్చనిది

ఇంత చెప్పాక, నన్ను గుచ్చే సంగతీ చెప్పాలి. 'మనోహర' తల్లి గొలుసులు తను తెంపలేదు, కొడుకు చేత తెంపించింది. ఆవిడ కోపానికి కొడుకు చేతులు కావాల్సి వచ్చాయి. ఆడది ఎంత ఓర్చుకుంటే అంత గొప్పదని పొగిడి, చివర్లో ఒక్క కేకకి సెలవిచ్చే కథలివి. నేను మెచ్చుకుంటున్న ఆ దాచుకోవడం నటనలో గొప్ప విద్యే కావచ్చు. కానీ ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లకి దాన్నే నీతిగా నూరిపోశారో! మా అమ్మమ్మ కూడా ఏదైనా కష్టం వస్తే "చంద్రమతి పడలేదా" అనేది. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. చిన్నప్పటి నుంచీ చంద్రమతి వేషాల్లో మెప్పించిన మనిషిని మెచ్చుకుంటూ, ఆ మాటని కాదనడం కుదురుతుందా? కుదరాలనే అనుకుంటున్నాను. పాట్టి, ఆవిడ స్నేహితులు ఇంటి వెనక ఆడుకున్నది ఓర్పుని కాదు, చివరి కేకని.

తర్వాత్తర్వాత ఆవిడకి ఆ సభలు కూడా దక్కలేదు. 'తాయ్‌క్కుప్ పిన్ తారం', 'తాయ్ సొల్లై తట్టాదే' అంటూ ఎం.జి.ఆర్. తల్లి వేషాలు. పేరులో తల్లి ఉంటుంది, కథ కొడుకుది. ఆ సినిమాల్లో ఆవిడ ఏడుపు నన్ను పెద్దగా కదిలించదు. అక్కడ "అతి" అనే మాట ఎవరైనా అంటే నేను వాదించను. వాదించడానికి సభే లేదు.

ఒక్కటి మాత్రం ఊరటగా ఉంటుంది. తెర మీద సింహాసనాల ముందు నిలబడ్డ మనిషి, బయట భర్త కడారు నాగభూషణంతో కలిసి రాజరాజేశ్వరి ఫిలిం కంపెనీ నడిపింది. 1941లో 'తల్లి ప్రేమ' నుంచి అరవైల దాకా సినిమాలు తీస్తూనే ఉన్నారు. జీతాలు ఒకటో తారీఖు తప్పని కంపెనీ అని పేరు. 1964 మే 7న ఈ మద్రాసులోనే కన్నుమూసింది.

పిల్ల తిరుగు ప్రయాణానికి ముందు రోజు పాట్టి పైకి వచ్చింది, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి. మురుకులు తెచ్చింది. మాటల్లో మళ్లీ 'మనోహర' వచ్చింది. పిల్ల ఆవిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఫోనులో రికార్డు చేస్తూ, ఆ వాక్యం నాలుగుసార్లు చెప్పించుకుంది. నాలుగోసారికి పాట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల ఏమీ అనలేదు. రాత్రి అన్నాలయ్యాక పరుపు వేసుకుంటూ, "పిన్నీ, మొదటి నుంచి పెట్టు, అంతా చూస్తాను" అంది.

పెట్టాను. పదకొండవుతుంటే దర్బారు సీను దగ్గర పడింది. ఇరుగుపొరుగు నిద్రపోతుంటారని నేను సౌండు తగ్గించబోయాను. పిల్ల నా చేతిలోంచి రిమోటు తీసుకుని పెంచింది. "కింద పాట్టికి వినపడాలి" అంది.